వరిచేలపై గాలి కెరటాలు

రాయచూరు జిల్లాలో అడవి తక్కువ. కృష్ణకు, తుంగభద్రకు నడుమనున్న మెట్టసీమ అది. అయినా 1953లో తుంగభద్ర కాలువలకు నీరు వదిలిన తరువాత, కోస్తానుండి వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాల క్యాంపులలో స్థిరపడిన మనవారి కళ్లముందు ఒక పచ్చని సముద్రమే ఉన్నది. వెన్ను తీసిన చేనిమీద గాలి వీచేవేళ గట్టున నిలబడి చూడండి. కెరటాలు ఒకదాని వెనుక ఒకటి ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తుతాయి.

జపానువారు దీనిని ‘హోనామి’ అంటారు. అనగా వెన్నుల అల. 1955లో ఇనౌయే అనే శాస్త్రజ్ఞుడు దీనిపై పరిశోధన ప్రకటించాడు. 1996లో రౌపాక్, ఫిన్నిగన్, బ్రూనే అనే ముగ్గురు కారణాన్ని మరింత తేటపరచారు. పైరుకు పైన గాలి వడిగా పోతుంది. లోపల ఆకులు, దుబ్బులు అడ్డుపడి మందగిస్తుంది. ఆ రెండు పొరలు రాచుకొన్నచోట గాలి నిలకడ తప్పి సుడులుగా చుట్టుకొంటుంది. సుడి దిగినచోట పైరు వంగుతుంది, దాటిపోగానే లేస్తుంది. వింత యేమంటే, పైరు తలల దగ్గరి గాలి సగటు వేగంకంటె కెరటమే ముందు పోతుంది. పై గాలి వడి దానిది గదా! అడవి చెట్ల తలలపైనా ఇదే ధర్మం.

చూడముచ్చటే గాని, ముప్పూ ఇందులోనే ఉన్నది. గాలి విసురు, కాడ ఊగే లయ కలిస్తే, ఉయ్యాలను సమయానికి తోసినట్టు ఊపు పెరుగుతుంది. వానకు వెన్ను బరువెక్కి, మడి బురదగా ఉంటే చేను పడిపోతుంది. యూరియా అతిగా వేసిన పైరు మరీ ముందు పడుతుంది. గింజ రాలుతుంది, మొలకెత్తుతుంది. కోత మిషనుకు అందదు. ఏడాది కష్టం బురదపాలు.

అందుకని గాలికి గోడ కట్టరాదు. గోడ దాటిన గాలి దాని వెనుకనే సుడితిరిగి పడుతుంది. సందులున్న వేప, కానుగ చెట్ల వరుస మేలు. గాలిని జల్లెడపట్టినట్టు మెత్తబరుస్తుంది. చెట్టు ఎత్తుకు సుమారు పదిరెట్ల దూరం దాకా దాని అండ ఉంటుంది. వానకారు గాలి పడమటిదైనా, కార్తీక మార్గశిరాలలో పండిన చేనిమీదికి వచ్చేది తూర్పు, ఈశాన్యపు గాలి. వరుస ఆ దిక్కున ఉండాలి. కోతకు ముందు మడి ఆరగట్టాలి.

నీడపట్టున కొంత పంట తగ్గుతుందని పొరుగువారు సణగవచ్చు. కూర్చుండి మాట్లాడుకోండి. గట్టు ఇద్దరిదే అయినా, గాలి అందరిదీ.