డైవింగ్‌కి పొదుపు సరే, సెలవుకి పిసినారితనం వద్దు

స్కూబా డైవింగ్ అనగానే మనవాళ్ళు మాల్దీవులంటారు. అండమాన్ ఉండగా అంత ఖర్చెందుకండీ? బెజవాడలో రైలెక్కి చెన్నై, అక్కణ్ణించి విమానంలో పోర్ట్ బ్లెయిర్, ఆపైన సర్కారు ఫెర్రీలో హేవ్‌లాక్ (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్). పోర్ట్ బ్లెయిర్లో తెలుగువాళ్ళు బోలెడుమంది, భాషకి బెంగలేదు. ఏసీ గది మానేయండి, ప్రైవేటు ఫెర్రీ మానేయండి, తప్పులేదు.

కానీ సెలవు మిగుల్చుకుందామని పొద్దున డైవ్, అదేరోజు తిరుగు విమానం మాత్రం పెట్టుకోకండి. నీటి అడుగున ఒంట్లో కరిగిన నైట్రోజన్, విమానంలో గాలి ఒత్తిడి తగ్గగానే బుడగలు కట్టొచ్చు. కీళ్ళనొప్పుల నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకన్నా ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి.

ప్రాజెక్టు రిలీజ్‌కి వారం బఫర్ పెట్టుకునే మనం, ప్రాణానికి ఒక్కరోజు పెట్టుకోలేమా?