ఎండని చేప ఊరికి వెళ్దామా!

ఏడు చేపల కథ వినని తెలుగు పిల్లలు అరుదు. మరి చేపల్ని ఎండబెట్టడం చూసినవాళ్లెందరు? అనకాపల్లి బడిపిల్లలకైతే ఆ ముచ్చట దగ్గర్లోనే ఉంది. అచ్యుతాపురం మీదుగా వెళ్తే పూడిమడక. జిల్లాలోని పెద్ద మత్స్యకార గ్రామాల్లో ఒకటి.

ఉదయాన్నే చేరుకుంటే వేట ముగించుకొచ్చే పడవలు కనిపిస్తాయి. వలలోంచి చేపల్ని విడదీయడం, తీరాన బేరాలు, చిరిగిన వలకు మరమ్మతు... అన్నీ పాఠాలే. వాసనకు ముక్కు మూసుకోకూడదని ముందే చెప్పండి. అది వాళ్ల అన్నం వాసన.

వేసవిలో వెళ్తే మాత్రం మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఇప్పుడు ఆగితేనే రేపు వల నిండుతుందన్న సంగతి పిల్లలకు తేలిగ్గానే అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త. 2022 జులై 29న ఇదే తీరంలో నీళ్లలోకి దిగిన అనకాపల్లి ఇంజినీరింగ్ విద్యార్థులు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాలేజీ కుర్రాళ్లకే అలా జరిగిందంటే చిన్నపిల్లల మాటేమిటి? అందుకే బస్సు దిగగానే మొదటి పాఠం ఊళ్లోని పెద్ద మత్స్యకారుడితో చెప్పించండి. కెరటం వెనక్కి లాగితే ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. టీచర్ వద్దంటే వినని అల్లరి పిడుగులు కూడా రోజూ సముద్రంలోకి వెళ్లొచ్చే తాత చెబితే బుద్ధిగా ఒడ్డునే కూర్చుంటారు!