ఐ.ఐ.టి. సీటు – ఇంటి లెక్క



“మా వాడికి ఐ.ఐ.టి.లో సీటు వస్తుందా? అర ఎకరం అమ్మి ఇంకో ఏడాది చదివించమంటారా?” అని అనేకులు అడుగుతుంటారు. ముందు లెక్క చూద్దాం.

2024లో జె.ఇ.ఇ. మెయిన్ వ్రాసినవారు సుమారు 14 లక్షలు. వారిలో మొదటి 2.5 లక్షల మందికే అడ్వాన్స్‌డ్ వ్రాసే అర్హత. దానిని వ్రాసినది 1,80,200 మంది. అర్హులైనది 48,248 మంది. 23 ఐ.ఐ.టి.లలో సీట్లు 17,740 మాత్రమే. కనుక ‘క్వాలిఫై’ అయితే సీటు వచ్చినట్లు కాదు.

బిడ్డ స్థితి తెలియాలంటే పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు, మూడేసి గంటల చొప్పున గడియారం పెట్టి వ్రాయించండి. ఎక్కువ వచ్చిన రోజు మార్కులు పట్టుకోక సగటు చూడండి. 2024లో జనరల్ కేటగిరీ అర్హత మార్కు 360కి 109. కోచింగ్ సెంటర్ ఇచ్చే ర్యాంకు అక్కడి పిల్లల మధ్యదే. అసలు ర్యాంకు వచ్చాక, జోసా ప్రకటించే గత సంవత్సరాల చివరి ర్యాంకులను మీ కేటగిరీలో, కోరిన బ్రాంచిలో పోల్చుకోండి.

అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే వ్రాయనిస్తారు. లాంగ్ టర్మ్ అంటే మిగిలినది ఒక్క అవకాశమే. సగటు దరిదాపుల్లో ఉండి, బిడ్డకు ఇష్టముంటే చదివించండి. చాలా దూరమైతే పొలం అమ్మకండి. వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.లకు మెయిన్ ర్యాంకు చాలు.

ఈ లెక్క బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని వేయండి. సీటు రాకపోయినా ఇంట్లో తన చోటు తనదేనని ముందే చెప్పండి.