ఎక్కినవారు, మోసినవారు

2025 మే 16వ తేదీన నలుగురు బ్రిటిషు మాజీ సైనికులు లండను నుండి బయలుదేరినారు. 21వ తేదీ ఉదయమునకు 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరముపై నిలిచినారు. వారము తిరుగకుండగనే ఇల్లు చేరినారు. వారిలో ఒకరైన అల్ కార్న్స్ అప్పటికి మాజీ సైనికుల వ్యవహారములు చూచు మంత్రి. మాజీ సైనికులకు తోడ్పడు సంస్థల కొరకు పది లక్షల పౌండ్లు సేకరించుట యాత్ర లక్ష్యము. లక్ష్యము మెచ్చదగినదే. అయితే ఇంతటి వేగము ఎట్లు సాధ్యమైనది?

సాధారణముగా ఎవరెస్టు ఎక్కదలచినవారు పలుచని గాలికి దేహమును అలవరచుకొనుటకు కొండలపై అనేక వారములు గడపుదురు. ఈ నలుగురు ఆ అలవాటును స్వదేశములోనే, ప్రాణవాయువు తగ్గించిన గుడారములలో నిద్రించి సంపాదించినారు. యాత్రకు సుమారు రెండు వారముల ముందు జర్మనీలో జీనాన్ వాయువును పీల్చినారు. అది ఎర్ర రక్తకణముల ఉత్పత్తిని ప్రేరేపించునని సమర్థకుల వాదము. పర్వతములపై అది ఉపకరించునన్న ఆధారము లేదని అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య వైద్యసంఘము 2025 జనవరిలో ప్రకటించినది. పైగా వీరు ప్రాణవాయువు సిలిండరులను కూడ వాడినారు. కనుక ఈ వేగములో దేని పాలు ఎంతయో ఒక్క యాత్రను బట్టి తేల్చరాదు.

వాయువును గూర్చిన వాదములో మరుగుపడిన విషయము మరియొకటి కలదు. అది సరంజామా. ఏడు దినములు ఎక్కినవారివే గాని, కొండవి కావు. ఏటేట వసంతమున, యాత్రికులు రాకమునుపే, కొందరు షెర్పాలు ఖుంబూ మంచుపాతములోని అగాధములపై నిచ్చెనలు పరచి త్రాళ్ళు బిగింతురు. పిదప మరికొందరు శిఖరము వరకు త్రాళ్ళు కట్టుదురు. గుడారములు, ఆహారము, ఇంధనము, సిలిండరులు పై మకాములకు భుజములమీదనే చేరును. వెనుకనుండి సరఫరా అందనిదే ముందువరుస కదలదన్న సత్యము సైనికునకు తెలియనిది కాదు.

యాత్రాకాలము తగ్గినచో అపాయమును, చెత్తయు తగ్గునని నిర్వాహకులు చెప్పుదురు. ఎక్కువారి విషయమున ఇది కొంత నిజము. మోయువారు మాత్రము ఆ మంచుపాతమును పలుమారులు దాటవలసినదే. 2014 ఏప్రిల్ 18న అచ్చటనే హిమపాతమున 16 మంది నేపాలీ కార్మికులు మరణించినారు. వారి కుటుంబములకు ప్రభుత్వము తొలుత ప్రకటించిన సహాయము 40,000 నేపాలీ రూపాయలు మాత్రమే. ఆగ్రహించిన షెర్పాలు ఆ యేడు పని మానివేసినారు.

2025 వసంతములో నిచ్చెనలను, త్రాళ్ళను కొంత దూరము డ్రోనులు మోసినవి. వార్తలలో జీనానుకు దక్కిన చోటు వీనికి దక్కలేదు. ప్రాణరక్షణ దృష్టితో చూచినచో, ఎక్కువారి దినములను తగ్గించుటకంటె మోయువారి రాకపోకలను తగ్గించుటయే పెద్ద మేలు.

సేవచేసి గాయపడినవారిని ఆదుకొనుటకే ఈ విరాళము. ఆ న్యాయమే కొండమీది సేవకును వర్తించును. మోయువారి బీమా, వారి కుటుంబముల పోషణ ధర్మయాత్ర లెక్కలో మొదటి పద్దు కావలెను. మిగిలినదానిలో ఇచ్చు బహుమానము కారాదు.

1953 నాటి విజయమును చెప్పునప్పుడు పాఠములలో టెన్సింగు, హిల్లరీ పేర్లు వినిపించును. ఆ యాత్రకు నాయకుడు సైనికాధికారి జాన్ హంట్. సామాను మోసిన కూలీలు సుమారు 350 మంది. ఆ సంఖ్యను కూడ పిల్లలకు చెప్పిన ఉపాధ్యాయుడు ఎవరెస్టు పాఠమును పూర్తిగా చెప్పినవాడగును.