నక్షత్రాలకు వర్తించని పాఠం

వేడి వస్తువు నుంచి ఉష్ణం పోతే అది చల్లబడుతుంది. పొయ్యి మీంచి దించిన పాలగిన్నె కూడా చెబుతుంది ఈ మాట! కానీ ఆకాశంలోని నక్షత్రాల గుంపులు మాత్రం ఒప్పుకోవు. శక్తి పోగొట్టుకున్నకొద్దీ అవి వేడెక్కుతాయి. మన ఎం.ఎస్సీ. సాంఖ్యక భౌతికశాస్త్రంలో ఈ సంగతికి తప్పక చోటివ్వాలని నా అభిప్రాయం.

లెక్క చాలా చిన్నది. తమ గురుత్వాకర్షణతోనే ఒకదాన్నొకటి పట్టుకొని నిలకడగా ఉన్న కణాల గుంపులో, గతిజశక్తికి రెట్టింపునూ స్థితిజశక్తినీ కూడితే సున్న వస్తుంది. ఇదే విరియల్ సిద్ధాంతం. దీన్నిబట్టి మొత్తం శక్తి, గతిజశక్తికి ముందు రుణ చిహ్నం పెట్టినంత. మొత్తం శక్తి తగ్గిందంటే గతిజశక్తి పెరిగిందన్నమాటే. కణాల పరుగే కదా ఉష్ణోగ్రత! అంటే ఇక్కడ ఉష్ణధారణ రుణాత్మకం. కృత్రిమ ఉపగ్రహాన్ని చూడండి: పై వాతావరణపు రాపిడికి శక్తి పోయి కిందికి దిగుతుంది, దిగినకొద్దీ వేగం పుంజుకుంటుంది.

1962లో రష్యన్ శాస్త్రజ్ఞుడు ఆంటొనోవ్, 1968లో ఇంగ్లండుకు చెందిన లిండెన్-బెల్, వుడ్ దీని పర్యవసానాన్ని తేల్చారు. లక్షల నక్షత్రాలున్న గోళాకార గుచ్ఛంలో ఒక్కో నక్షత్రమూ ఒక్కో కణం. నడిమి భాగం బయటి భాగానికి శక్తినిస్తుంది. ఇచ్చి కుంచించుకుపోయి ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కింది గనుక ఇంకా ఇస్తుంది. ఈ దానకర్ణుడి వ్యవహారానికి వాళ్లు పెట్టిన పేరును తెలుగులో 'గురుత్వోష్ణ విపత్తు' అనవచ్చు. పెగాసస్ రాశిలోని ఎం-15 గుచ్ఛం నడిమి భాగం ఇలా కుప్పకూలినదేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చివరకు జంట నక్షత్రాలు శక్తినందించి ఆ పతనాన్ని నిలువరిస్తాయి.

మరి మన పుస్తకాల్లో ఇలా ఎందుకు జరగదు? అక్కడ వాయువును డబ్బాలో పెట్టి మధ్యన అడ్డుగోడ కడతాం. రెండు సగాల శక్తులూ కూడితే మొత్తం వస్తుంది. గురుత్వాకర్షణకు అడ్డుగోడ లేదు; ప్రతి నక్షత్రమూ ప్రతి నక్షత్రాన్నీ లాగుతుంది. మైక్రోకెనానికల్ పద్ధతిలో చేసినా, కెనానికల్ పద్ధతిలో చేసినా జవాబు ఒక్కటేనని మనం అప్పజెప్పే వాక్యం ఇక్కడ చెల్లదు. కెనానికల్ లెక్కలో ఉష్ణధారణ రుణాత్మకం కానే కాదు మరి!

"అది ఖగోళశాస్త్రం వాళ్ల గొడవ, మనకెందుకయ్యా?" అనేవారున్నారు. నేనొప్పుకోను. సూత్రం ఎక్కడ చెల్లదో తెలియనివాడికి ఎక్కడ చెల్లుతుందో కూడా తెలియదు. వాడు పరీక్ష రాయగలడేమో గాని ప్రశ్న వేయలేడు. నక్షత్రాల గతిశాస్త్రంపై చంద్రశేఖర్ 1942లోనే గ్రంథం రాశారు. గురుత్వ వ్యవస్థల సాంఖ్యక శాస్త్రంపై పద్మనాభన్ 1990లో సమగ్ర సమీక్ష ప్రచురించారు. మనవాళ్లు వేసిన బాటలో మనం నాలుగడుగులైనా వేయవద్దా?

కొత్త పేపరు అడగడం లేదు. నాలుగు పీరియడ్లు చాలు. సిలబస్ తయారుచేసే పెద్దలు ఆలోచించాలి. ఈలోగా, విద్యార్థి మిత్రులారా, మీ నోట్సులో "ఉష్ణధారణ ఎప్పుడూ ధనాత్మకమే" అని కనిపిస్తే, పక్కనే "గురుత్వాకర్షణను వదిలేస్తే" అని చేర్చుకోండి.