ఓడ రాని రోజూ సందడే!

రేవులో ఓడ ప్రయాణికుల కోసం ఓ భవనం కట్టాలి. ఓడ వచ్చిన రోజున వేలమంది ఒక్కసారిగా దిగుతారు. సామాన్లు, కస్టమ్స్ తనిఖీలు, బస్సులు, టాక్సీలు... కాలు పెట్టడానికి చోటుండదు. ఓడ కదిలిపోయిందా, అంత పెద్ద హాలూ ఖాళీ! కోట్లు పోసి కట్టిన భవనం మిగతా రోజుల్లో తాళం వేసుకుని కూర్చోవాల్సిందేనా? ‘అక్కర్లేదు’ అంటుంది జపాన్‌లోని యొకొహామా నగరం.

ఆ రేవు విదేశీ వ్యాపారానికి తలుపులు తీసింది 1859లో. అక్కడి ఓసన్‌బషి జెట్టీ 1894లో పూర్తయింది. 1923 నాటి మహా భూకంపంలో దెబ్బతిని మళ్లీ లేచింది. దానిమీద కొత్త టెర్మినల్ కోసం 1994లో అంతర్జాతీయ పోటీ పెడితే 660 డిజైన్లు వచ్చాయి. గెలిచింది లండన్‌లో చిన్న ఆఫీసు నడుపుతున్న ఇద్దరు... ఇరాన్‌లో పుట్టిన ఫర్షీద్ ముసావి, స్పెయిన్‌కు చెందిన అలెహాంద్రో సాయెరా పోలో. అప్పటికి ఇద్దరి వయసూ ముప్ఫైకి అటూ ఇటూ!

భవనం గీసే ముందు వాళ్లు స్థలాన్ని చదివారు. అది సముద్రంలోకి చొచ్చుకెళ్లిన సన్నటి పట్టీ. పొడవు సుమారు 430 మీటర్లు, వెడల్పు 70. పక్కనే యమషిత పార్కు. జనం అక్కడికొచ్చేది సముద్రాన్ని చూడ్డానికే. ఎత్తయిన భవనం కడితే ఆ చూపుకి అడ్డు. అందుకే భవనాన్ని నిలబెట్టలేదు, పడుకోబెట్టారు! ఊళ్లోంచి నడుచుకుంటూ వచ్చేవాళ్లు తమకు తెలియకుండానే దాని కప్పు మీదికి చేరిపోతారు. మెట్ల బదులు అంతా ఏటవాలు దారులే. చక్రాల కుర్చీ అయినా, పసిపిల్లల బండి అయినా సాఫీగా వెళ్లిపోవచ్చు. పైన చెక్క పరుపు, మధ్యమధ్య పచ్చిక.

లోపలి పెద్ద హాలులో స్తంభాల్లేవు. ఎలా సాధ్యం? మామూలు కాగితం మీద పుస్తకం పెడితే కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా మడతలు పెడితే నిలుస్తుంది. ఇక్కడా ఉక్కు రేకుల్ని అలాగే మడతలు వేసి బరువు మోయించారు.

2002లో టెర్మినల్ తెరుచుకుంది. కప్పుకి స్థానికులు పెట్టుకున్న ముద్దుపేరు ‘తిమింగలం వీపు’. రాత్రీపగలూ దానిమీద తిరగొచ్చు. ఓడ ఉన్నా లేకున్నా జనం వస్తూనే ఉంటారు.

అయితే ఎంత బాగా గీసినా చేతిలో లేనిది ఒకటుంది. రేవు ముఖద్వారంలో 1989లోనే బే బ్రిడ్జి కట్టేశారు. నీటికీ దానికీ మధ్య దూరం దాదాపు 55 మీటర్లు. ఆ తర్వాత విహార నౌకలు అంతకంతకూ ఎత్తు పెరిగాయి. పెద్దవి వంతెన కింద దూరలేవు! వాటికోసం 2019లో వంతెనకు బయట, దైకోకు దగ్గర వేరే టెర్మినల్ తెరవాల్సి వచ్చింది. స్థలమంటే భవనం కింది నేలే కాదు, అక్కడికి వచ్చే దారి కూడా.

విశాఖపట్నంలోనూ 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. వ్యయం సుమారు 96 కోట్ల రూపాయలు. విహార నౌకలు రోజూ వచ్చేవి కావు. కానీ విశాఖవాసులు సాయంత్రమైతే బీచ్ రోడ్డుకు రాకుండా ఉండలేరు. ఓడ లేని సాయంత్రాల్లో వాళ్లలో కొందరైనా పిల్లాపాపలతో అక్కడికి వెళ్లగలిగితే... అది ప్రయాణికులది మాత్రమే కాదు, ఊరందరిదీ అవుతుంది!