సమ్మతి యెంతవరకు?

ఇంటిల్లిపాది చదువుకొను మాసపత్రికలో పడకగది ముచ్చట లేలయని యొక మిత్రుడు నన్ను వారించెను. పడకటింట జరుగు నన్యాయమును గూర్చి బయట పలుకరాదను మర్యాద మన యిండ్లలో తరతరములుగా చెల్లుచున్నది. అది అన్యాయము చేయువానిని కాపాడినంతగా మరియెవరిని కాపాడినట్లు నాకు కనబడదు. కావున చదువరులు మన్నింతురుగాక, విషయమును విడమరచియే చెప్పెదను.

ఒక స్త్రీయు నొక పురుషుడును కలియుట కొప్పుకొనిరి. తొడుగు ధరించినచో సరి, లేనిచో వలదని ఆమె చెప్పెను. అతడు సరేయని ధరించెను. నడుమ ఆమె కెరుక లేకుండ దానిని తీసివేసెను. అంతకంటె దూరాలోచన గల మరియొకడు తొడుగులకు ముందుగనే సూదితో బెజ్జములు పొడిచి యుంచెను. మొదటి చేష్టకు ఇంగ్లీషువారు 'స్టెల్తింగ్' అని పేరు పెట్టిరి. దొంగచాటు పని యని దాని భావము. 2017లో అలెగ్జాండ్రా బ్రాడ్‌స్కీ యను అమెరికా న్యాయవాదిని కొలంబియా విశ్వవిద్యాలయపు న్యాయపత్రికలో దీనినిగూర్చి యొక వ్యాసము వ్రాసిన పిమ్మట విషయము పలుదేశముల చర్చకు వచ్చినది. మన భాషలో దీనికి పేరు లేదు. పేరు లేనంతమాత్రమున పని లేదనుకొనరాదు. మన యాడువారు తమలో తాము 'ఆయన మాట వినడు' అని మూడు ముక్కలలో దీనిని అణచి చెప్పుకొందురు.

ఈ సంగతి విని మా యూరి ప్లీడరొకరు నవ్విరి. 'మాస్టారూ, ఆమె ఒప్పుకున్నదా లేదా? ఒప్పుకున్నది. ఇంక తొడుగు ఉన్నదా ఊడిందా అన్నది కోర్టు చూడవలసిన సంగతేనా?' అనిరి.

పుచ్చిన పన్ను పెరుకుమని నోరు తెరచినవాని మంచిపన్ను కూడ పెరికివేసి, 'నోరు తెరచితివి కదా' యనువానిని మనము వైద్యుడని పిలువము. ఒక్క సరే యను మాటతో ఆమె దేహమంతయు ఆ రేయికి క్రయమైపోయినదని తలచుటచేతనే ప్లీడరుగారికి నవ్వు వచ్చినది. ఆమె యొప్పుకొన్న పని యొకటి, జరిగిన పని వేరొకటి. మొదటిదానిలో గర్భభయము స్వల్పము, రోగభయము స్వల్పము. రెండవదానిలో ఆ రెండు భయములను అతడు ఆమె నెత్తిపై పెట్టెను, ఆమెకు చెప్పనైన లేదు. ఇది అల్పవిషయమే యైనచో దాచనేల? తీయవచ్చునా యని యడుగుటకు క్షణము చాలును. అడిగిన కాదనునని అతడెరుగును, ఎరిగినందుననే యడుగలేదు. దొంగ దీపమార్పుట సొమ్ము తనది కాదని యొప్పుకొనుటయే.

సమ్మతి యను పదమును మనము అనుమతి యను నర్థమున వాడుచు చెరిపితిమి. అనుమతి యొకరు వేరొకరికి ఇచ్చునది. ఇచ్చినవారు ప్రక్కకు తొలగుదురు, పుచ్చుకొన్నవారు తమ పని చూచుకొందురు. సమ్మతిలోని ఉపసర్గ కూడికను తెలుపును. ఇరువురి మతి యొక్కటియై నిలుచుటయే సమ్మతి. ఒకరి మతిలో నున్నది రెండవవారికి తెలియని క్షణమున అది తెగిపోవును, దేహములు కలిసియున్నను సరే. ఈ పాఠము నేను బడిలో పెద్ద తరగతులవారికి వ్యాకరణముగనే చెప్పుదును. అంతకుమించి చెప్పుటకు పాఠ్యప్రణాళికలో చోటు లేదు.

కెనడా దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఈ ప్రశ్నతో రెండుమారులు పెనగులాడినది. 2014లో తీర్పు చెప్పిన కేసులో, ప్రియురాలు తన్ను విడిచిపోవునను భయముతో ఒకడు తొడుగులకు బెజ్జములు పొడిచెను. ఆమె గర్భవతి యయ్యెను. న్యాయమూర్తులందరు అతనిని దోషియనిరి. కాని అధికసంఖ్యాకులు, ఆమె కలియుటకు ఒప్పుకొన్న మాట నిజమే, ఆ యొప్పుదల మోసముచేత చెడినదని త్రోవ తీసిరి. 2022 జూలైలో తీర్పు వచ్చిన రెండవ కేసులో తొడుగు లేనిదే వలదని ఆమె ముందే చెప్పియున్నది. మరల కలిసినపుడు అతడు ధరింపనే లేదు, ఆమెకు తరువాతగాని తెలియలేదు. తొడుగుతో కలియుటయు తొడుగు లేక కలియుటయు వేర్వేరు క్రియలనియు, ఒకదానికి సరేయన్నది రెండవదానికి చెల్లదనియు తొమ్మండుగురిలో ఐదుగురు నిర్ణయించిరి. తక్కిన నలుగురు దీనిని మోసము క్రిందనే విచారింపవలెననిరి.

ఈ భేదము పండితుల వాగ్వాదమని చదువరులు తలపవలదు. మోసపు త్రోవను పోయినచో తనకు కలిగిన నష్టమెంతయో ఆమె లెక్క చూపవలెను. కాన్పు వయసు దాటినదానికి, అతనికి రోగమేదియు లేనిచో, చూపుటకు లెక్క యేమున్నది? ఐదుగురి త్రోవలో న్యాయస్థానము అడుగవలసినది ఒక్కటే: దీనికి నీవు ఒప్పుకొంటివా? అడుగవలసిన ప్రశ్న యదియేయని నా నమ్మకము. న్యూజీలాండున 2021లో ఒక న్యాయస్థానము ఇట్టి చేష్టను అత్యాచారముగనే యెంచి జైలుశిక్ష విధించెను. కాలిఫోర్నియా రాష్ట్రము అదేయేట చట్టము చేసి నష్టపరిహారపు దావాకు దారి యిచ్చెను గాని జైలు మాట యెత్తలేదు.

ఇక మన శిక్షాస్మృతి. 1860 నాటి పీనలు కోడు స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. అందు అత్యాచారమును నిర్వచించు 63వ సెక్షను, సమ్మతి యనగా నిర్దిష్టమైన ఆ లైంగిక క్రియకు స్పష్టముగ, స్వేచ్ఛగ తెలిపిన యొప్పుదల యని వివరించును. 2013 సవరణముతో వచ్చిన ఈ మాటలు చక్కనివి. నిర్దిష్టమను నా విశేషణము నొక్కదానిని పట్టుకొని సమర్థుడైన న్యాయవాది నిలువవచ్చును. కాని ఆ సెక్షను మోసమును గూర్చి యేమి చెప్పునో చూడుడు. అది పేర్కొను మోసము ఒక్కటియే: పరపురుషుడు తానామె భర్తనని నమ్మించి కలియుట. 69వ సెక్షను పెండ్లాడెదనని బొంకి కలియుటను, ఉద్యోగపు ఆశ చూపుటను, తానెవరో దాచి పెండ్లాడుటను చేర్చినది. ఈమె యెవని భార్య, ఎవని భార్య కాబోవుచున్నది? చట్టమునకు ప్రధానముగ పట్టినది ఈ చింత. ఆమె దేహమునకు జరుగబోవునదానిని గూర్చి చేయు మోసమునకు అందు పేరు లేదు. అపోహవలన కలిగిన సమ్మతి సమ్మతి కాదని 28వ సెక్షను చెప్పును గదాయని ప్లీడరుగా రందురు. నిజమే. దానికి ముందున్న పాత సెక్షనును పెండ్లి వాగ్దానపు కేసులలో ఎన్నియో మారులు వాడినారు. పెండ్లిమాట తప్పినవానిని పట్టుటకు పనికివచ్చిన చట్టము, పడకలో మాట తప్పినవానిని గూర్చి నోరు విప్పి యొక్కమాట చెప్పరాదా?

ఇదంతయు పెండ్లి కానివారి సంగతి. పెండ్లియైనదానికి ఈపాటి తర్కమును లేదు. పదునెనిమిదేండ్లు నిండిన భార్యతో భర్త చేయు సంభోగము అత్యాచారము కాదని అదే సెక్షనున మినహాయింపు కలదు. అనగా బలిమిని పట్టినను అది ఆ నేరము కానప్పుడు, దొంగచాటుగ తొడుగు తీసినవాని మాట యెత్తుటయే వ్యర్థము. బిడ్డ పుట్టి ఆరునెలలు కాలేదు, కడుపు కోసి తీసినారు, రెండేండ్లాగుమని వైద్యురాలు చెప్పినది. ఆమె బ్రతిమాలి ఒప్పించినది, అతడు తలయూపినాడు. మూడు నెలలకు వాంతులు మొదలైన పిమ్మట అత్తగారు 'దేవుడిచ్చింది' అనును. దేవుని మీద పెట్టిన ఈ నింద ఎందరిండ్లలో వినబడలేదు?

ఈ మినహాయింపు మన సనాతనధర్మమని వాదించువారున్నారు. దాని పుట్టుక మాథ్యూ హేలు అను పదునేడవ శతాబ్దపు ఇంగ్లీషు న్యాయమూర్తి వ్రాతలలో నున్నది. వివాహముతో భార్య తన్ను భర్త కర్పించుకొన్నదనియు, దానిని మరల తీసికొనజాలదనియు ఆయన వ్రాసెను. ఆ గ్రంథము 1736లో అచ్చుపడెను. ఇంగ్లాండున ప్రభువుల సభ 1991లో ఆ సిద్ధాంతమును త్రోసివేసెను. వారు పారవేసిన పాతయంగీని మనము పట్టువస్త్రమని మడిచి పెట్టెలో దాచుకొంటిమి. మినహాయింపును తీసివేయుమని వర్మ సంఘము 2013లో చెప్పినది. 2022 మే నెలలో ఢిల్లీ హైకోర్టున ఇద్దరు న్యాయమూర్తులు ఈ విషయమున చెరియొక తీర్పు చెప్పిరి. 2024 అక్టోబరున కేంద్రప్రభుత్వము సుప్రీంకోర్టు నెదుట మినహాయింపు ఉండవలెననియే వాదించెను.

ధర్మమే కావలెనన్నచో పెండ్లిపందిటి మాట నొకదానిని జ్ఞాపకము చేసెదను. ధర్మార్థకామములయందు 'నాతిచరామి' యని వరునిచేత పలికింతురు. అతిక్రమింపను అని దాని యర్థము. పురోహితుడు పలికించును, వరుడు వాద్యముల హోరులో పెదవులు కదల్చును, అర్థము చెప్పువాడుండడు. ధర్మమునందు అతిక్రమింపకుండుట ఎట్లో, ధనమునందు ఎట్లో పెద్దలు కొంత చెప్పుదురు. మూడవదానియందు ఎట్లో ఎవరును చెప్పరు. ఆమె యెరుగకుండ, ఆమె వలదన్నదానిని చేయుట అతిచారము కానిచో ఆ శబ్దమునకు నాకు వేరు ఉదాహరణము దొరకదు.

పడకటింట చట్టము కాలు పెట్టరాదనుట క్రొత్తవాదము కాదు. పది పదునొకండేండ్ల ఫూల్‌మణి దాసి కలకత్తాలో భర్త కలయికవలన చనిపోయినపుడు, ఆమెకు పదేండ్లు నిండినవి గనుక అది అత్యాచారము కాదని 1890 నాటి విచారణలో తేలెను. 1891లో ఆ వయస్సును పండ్రెండునకు పెంచు బిల్లు వచ్చినపుడు తిలక్ వంటి దేశభక్తుడే ప్రతికూలించెను. పరప్రభుత్వము మన యింటిలోనికి రారాదని యాయన వాదము. ఆ వాదమునకు ఆనాడు కొంత మానము కలదు. ప్రభుత్వము మనదైన పిమ్మటను అదే వాదమును వల్లించువారికి ఆ మానమును లేదు.

గర్భనిరోధపు బరువు ఎవరిమీద నున్నదో కూడ చూడవలెను. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున వివాహితస్త్రీలలో 100కి దాదాపు 38 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. ఆంధ్రప్రదేశమున ఈ సంఖ్య 70కి దగ్గర. పురుషుడు చేయించుకొన్న దంపతులు దేశమంతట 100కి ఒక్కజంటయైన లేరు. తొడుగు వాడు దంపతులు 10కి లోపు. 1968లో ప్రభుత్వము దానికి 'నిరోధ్' అని పేరు పెట్టి ఐదేసి పైసలకు అమ్మించినది. యోగశాస్త్రమునుండి తెచ్చిన పేరు. ఋషులు మనోవృత్తులను అడ్డుటకు వాడిన మాట. మన మగవారి వంతునకు వచ్చిన నిరోధము ఇంత పలుచని రబ్బరు మాత్రమే. దానినైన మాట ప్రకారము ఉంచుకొనుమని యడుగుట అధికమా?

మాత్రలు మ్రింగుచున్నానని బొంకిన స్త్రీ మాటయేమని కొందరడుగుదురు. అదియు మోసమే, నేను సమర్థింపను. శస్త్రచికిత్స యైనదని బొంకిన పురుషుని 2020లో ఇంగ్లాండు అప్పీలుకోర్టు అత్యాచారనేరమునుండి విడిచినది. బొంకు ఫలమును గూర్చినదే గాని క్రియను గూర్చినది కాదని వారి తర్కము. అది నాకు పూర్తిగ మింగుడుపడలేదు. అయినను ఆ తర్కముచేతనే తొడుగు తీసినవాడు పట్టుబడును; అతడు మార్చినది క్రియనే. ఋజువు చేయుట కష్టమందురా, చీకటిలో జరుగు ప్రతి నేరమునకును అది కష్టమే. లంచమునకు సాక్షులను పిలిచి పుచ్చుకొన్నవా డెవడు?

63వ సెక్షను వివరణలో, గర్భనిరోధమునకు రోగనిరోధమునకు పెట్టిన షరతు సమ్మతిలో భాగమని యొక వాక్యము చేర్చుట, భర్తకిచ్చిన మినహాయింపును కొట్టివేయుట: నేను కోరునవి ఈ రెండు. అంతవరకు ఆమె చేయగలిగినదానిని కూడ చెప్పవలెను. గర్భము రాకుండ ఆపు అత్యవసరపు మాత్ర మందులదుకాణమున చీటి లేకయే దొరకును. 72 గంటలలోపల, ఎంత త్వరగ మ్రింగిన అంత మేలు. హెచ్.ఐ.వి. సోకకుండ నిచ్చు మందును కూడ 72 గంటలలోపలనే మొదలు పెట్టవలెను. గర్భము నిలిచినచో 1971 నాటి చట్టము, 2021లో దానికి చేసిన సవరణమును, గర్భనిరోధము విఫలమైనప్పుడు దానిని తీయించుకొన నిచ్చును. ఆసుపత్రి పుస్తకమున 'సాధనము విఫలము' అని వ్రాయుదురు. సాధనము విఫలము కాలేదని ఆమెకును వ్రాయువారికిని తెలియును, వేరు మాట వ్రాయుటకు గడి లేదు. సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న, ఈ చట్టము మట్టుకు భర్త చేసినదియు అత్యాచారముగనే యెంచవలెనని చెప్పియున్నది. కొన్ని ఆసుపత్రులలో భర్త సంతకము తెమ్మని త్రిప్పి పంపుదురు. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతితోపాటు భర్త సంతకము కావలెనని ఆ చట్టమున ఎక్కడను లేదు.